ఆస్ట్రేలియా ఆదివాసీ స్త్రీల మీద సెమినార్ పత్రం: పాత గ్రంథాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (కర్నూలు, ఎం.ఏ. విద్యార్థిని):
ఆస్ట్రేలియా ఆదివాసీ సమాజంలో స్త్రీల స్థానం గురించి సోషియాలజీ సెమినార్ పత్రం రాస్తున్నాను. నేను చూసిన పాత మానవశాస్త్ర గ్రంథాలలో వేట, క్రతువు, పెత్తనం అన్నీ పురుషులవే. స్త్రీలు వారి చాటున బతికినట్లే కనిపిస్తారు. దీనిని ఉన్నదున్నట్లు స్వీకరించవచ్చునా? పెద్దలు తెలుపగలరు.

జవాబు (అనంతపురం, విశ్రాంత అధ్యాపకుడు):
స్వీకరించకూడదమ్మా. ఆ గ్రంథాలు రాసినవారిలో అత్యధికులు పురుషులు. వారు పురుషులనే అడిగారు, పురుషుల క్రతువులనే చూశారు. స్త్రీల క్రతువులు పరపురుషుల కంట పడకూడనివి కనుక, తమకు కనబడనిదంతా లేనిదేనని రాసుకున్నారు. ఫిలిస్ కాబెరీ అనే పరిశోధకురాలు పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో స్త్రీల మధ్య ఉండి, వారికి తమవైన క్రతువులూ, భూమితో పవిత్రమైన అనుబంధమూ ఉన్నాయని 1939లో ప్రచురించిన అధ్యయనంలో నిరూపించారు. ఎడారి ప్రాంతాలలో ఏ రోజుకారోజు కడుపు నింపినవి చాలావరకు స్త్రీలు తవ్విన దుంపలు, ఏరిన గింజలు, పట్టిన చిన్న జంతువులే. పెద్ద వేట దొరికిన నాడే దొరికినట్లు.

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టస్మానియా ద్వీపానికి చెందిన ఆదివాసీ స్త్రీ ట్రుగనీనిని మాత్రం వదలవద్దు. 1876లో ఆమె మరణించాక "చివరి టస్మానియా ఆదివాసి" అని ముద్ర వేసి (ఆ జాతి సంతతి నేటికీ ఉంది), ఆమె అస్థిపంజరాన్ని 1947 వరకు మ్యూజియంలో ప్రదర్శించారు. దానికి దహనం జరిగి, చితాభస్మం నీటిలో కలిసినది 1976లో.

జవాబు (కడప, పాత్రికేయురాలు):
సార్ చెప్పినదానికి ఇంకొకటి. ప్రభుత్వం తల్లుల నుంచి వేరుచేసిన ఆదివాసీ ఆడపిల్లలకు న్యూ సౌత్ వేల్స్‌లోని కూటముండ్ర గృహంలో ఇంటిపని నేర్పి, తెల్లవారి ఇళ్లకు పనిమనుషులుగా పంపేవారు. ఆస్ట్రేలియా పార్లమెంటు 1901లో ఏర్పడినా, ఎగువ సభ అయిన సెనేట్‌లో నోవా పెరిస్ 2013లోనూ, ప్రతినిధుల సభలో లిండా బర్నీ 2016లోనూ తొలి ఆదివాసీ మహిళలుగా అడుగుపెట్టారు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి రాయండి.

జవాబు (ఆత్మకూరు, ఉపాధ్యాయుడు):
పోలికకు దూరం పోనక్కరలేదు. అహోబిలంలో నరసింహస్వామి దేవేరిగా చెంచులక్ష్మిని కొలుస్తాము. చెంచుల మాట రాగానే మాత్రం విల్లంబులు, తేనె పట్టడమే తలచుకుంటాము. దుంపలు తవ్వి, అడవి ఫలాలు ఏరి తెచ్చే ఆడవారిని ఎవరు బొమ్మ గీశారు? నల్లమల గూడేలకు వెళ్లదలిస్తే ముందు అటవీశాఖ వారిని అడగండి. అక్కడ పెద్దమనిషితో మాట్లాడి తిరిగిరాకుండా, ఆడవారు పనిలో ఉన్న చోటికే వెళ్లి కూర్చోండి.