గుత్తి వంకాయ పక్కన వైన్ గ్లాసు: నిజంగా నప్పుతుందా, ఊరికే షోకా?

ఎడిసన్_వంటిల్లు

ముందు మొన్న ఆదివారం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, తర్వాత వాదించుకుందాం.

ఆఫీసు వాళ్లను నలుగురిని భోజనానికి పిలిచాను. గుత్తి వంకాయ, టమాటా పప్పు, దొండకాయ వేపుడు, మునక్కాడల పులుసు, పెరుగు. వచ్చినవాళ్లలో ఒకాయన కాలిఫోర్నియా కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ తెచ్చాడు. సీసా మీద 14.5 శాతం ఆల్కహాల్ అని ఉంది. తలా కాస్త పోసుకుని, వంకాయ ముక్క తిని ఒక గుక్క తాగాం. అంతే, నోట్లో నిప్పు! అతిథులు కదా అని కారం మామూలు కన్నా తగ్గించే వేశాను. ఇక వైనేమో ఇనప గరిటె నాకినట్టుంది. తెచ్చినాయన మొహమాటానికి "ఇంటరెస్టింగ్" అన్నాడు. రెండు నిమిషాల్లో గ్లాసులన్నీ పక్కకు జరిగాయి, అందరూ మజ్జిగ మీద పడ్డారు. తమాషా ఏంటంటే, భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని అదే వైన్ తాగితే బ్రహ్మాండంగా ఉంది.

మన రోజువారీ కూరా పప్పు భోజనంతో వైన్ కుదరదని నేనంటాను. మా ఆవిడేమో "భోజనం తప్పు కాదు, మీరు తెరిచిన సీసా తప్పు" అంటోంది. మీరేమంటారు?

పెరుగన్నం_పార్టీ

మీతోనే నేను. కూరల సంగతి అలా ఉంచి, మనం తినే పద్ధతి చూడండి. ఫలానా వంటకానికి ఫలానా వైన్ అనే లెక్క ఒక ప్లేటు తీసేశాక ఇంకో ప్లేటు వచ్చే భోజనాల్లోంచి పుట్టింది. మన కంచంలో అన్నీ ఒకేసారి ఉంటాయి. పప్పన్నంలో ఆవకాయ కలుపుతాం, నాలుగు ముద్దలకి ఒకసారి అప్పడం కొరుకుతాం, మధ్యలో వేపుడు నంజుకుంటాం. ఇందులో ఏ ముద్దకి జోడీ వెతకాలి? చివర్న పెరుగు ఎలాగూ ఉంది, అన్నిటినీ సర్దేస్తుంది. దాన్ని పీకేసి అక్కడ గ్లాసు పెట్టడం షోకు తప్ప ఇంకోటి కాదు.

తాటివనం

పెరుగన్నం గారూ, కంచం గురించి మీరన్నది నిజమే. కానీ మనవాళ్లు కారంతో పాటు ఎన్నడూ ఏమీ తాగనట్టే మాట్లాడుతున్నారు. మాది భువనగిరి వైపు. ఈత చెట్ల కింద కల్లు పోయించుకుని కూర్చుంటే పక్కన ఏముండేది? పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి పోపు పెట్టిన గుడాలు, అంటే గుగ్గిళ్లు. కొన్నిసార్లు కళ్లలో నీళ్లు తిరిగేంత కారంగా ఉండేవి. అయినా "కల్లు తాగితే నోరు ఇంకా మండుతోంది" అని ఎవరూ గ్లాసు పక్కన పెట్టింది నేను చూడలేదు.

ఎందుకు మండదు? పొద్దున చెట్టు దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. ఆ మధ్యలో తాగితే కొంచెం తీపి, కొంచెం పులుపు, నాలుక మీద సన్నటి నురగ. ఆల్కహాల్ బీరుకి అటూ ఇటూగా. వగరు లేదు. కారం తినేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఎడిసన్ గారి కాబర్నే చూద్దాం. అన్నీ దీనికి తలకిందులు. తీపి లేదు, ఆల్కహాల్ దాదాపు మూడింతలు, పైగా టానిన్. టానిన్ అంటే మరేదో కాదు, నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేస్తుందే, ఆ వగరే. మిరపలోని క్యాప్సెయిసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాలను లేపుతుంది. మామూలుగా అవి 42, 43 డిగ్రీల వేడి తగిలితే గానీ కదలవు. ఆల్కహాల్ ఆ గీతను ఇంకా కిందికి, 34 డిగ్రీల దాకా లాగుతుందని 2002లోనే ప్రయోగాల్లో తేలింది. అంటే మన ఒంటి వేడే చాలు మంట పుట్టడానికి. మీరు కారం తగ్గించినా మండింది అందుకే. దాని మీద వగరు పడితే పుండు మీద ఉప్పే.

ఇక పులుపు. కూర పులుపు ముందు వైన్ పులుపు తగ్గితే ఆ వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. చింతపండులో ముఖ్యంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలోనూ అదే. కాబట్టి పులుసుకీ వైన్‌కీ దూరపు చుట్టరికం ఉంది, కలిపే తీరు తెలియాలంతే.

నేను ఏడేళ్లు జర్మనీలో, మోసెల్ నది ఒడ్డున ట్రియర్ దగ్గర ఉన్నాను. అక్కడ నిట్టనిలువు పలకరాయి కొండల మీద రీస్లింగ్ ద్రాక్ష పండిస్తారు. అందులో కాబినెట్ అనే రకం ఆల్కహాల్ చాలాసార్లు 8, 9 శాతమే. పులుపు గట్టిగా ఉంటుంది, దాన్ని ఆపేంత తీపీ ఉంటుంది. ఒక రాత్రి బెల్లం వేసిన సొరకాయ పులుసు అన్నంలో కలుపుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన కాబినెట్ పక్కన పెట్టుకున్నాను. గుక్క దిగాక సొరకాయ ముక్కలోని తీపి పైకి తేలింది, మంట ఎటు పోయిందో తెలియలేదు. నాకు వెంటనే గుర్తొచ్చింది ఈతవనమే. లేబుల్ మీద "ట్రోకెన్" అని ఉంటే మాత్రం తీసుకోకండి, అది తీపి లేనిది.

గోంగూర_నిజం

కల్లు పోలిక బాగుంది అన్నా, కానీ తీపి వైన్‌తో అన్నం తినడం నా వల్ల కాదు. పులిహోర మీద గులాబ్ జామ్ పాకం పోసుకున్నట్టు ఉంటుంది. గుత్తి వంకాయలో ఏముంది? నూనె, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి. కారం కన్నా కమ్మదనం ఎక్కువ. దానికి ఎర్ర వైనే కావాలి, కాకపోతే వగరు తక్కువది. ఫ్రాన్స్‌లో బోజొలే ప్రాంతంలో గమే ద్రాక్షతో చేస్తారు, తేలిగ్గా ఉంటుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తాగండి. తాటివనం అన్న సిద్ధాంతం పులుసులకు పనికొస్తుంది, ముద్ద కూరలకు కాదు.

నా పేరు పెట్టుకున్న ఆకు గురించి కూడా నిజమే చెప్తాను: గోంగూర పచ్చడి ముందు నేను చూసిన ఏ వైనూ నిలబడలేదు. కాకరకాయ ముందు ఇంకా ఘోరం, చేదుకి వగరు తోడైతే మందు తాగినట్టే.

బెజవాడ_ఎండలు

మీరంతా అమెరికా ఎడిసన్లో, ట్రియర్‌లో కూర్చుని చెప్తున్నారు. ఇక్కడ బోర్డు మీద "వైన్స్" అని రాసిన షాపుకి వెళ్లి వైన్ ఉందా అని అడగండి. కౌంటర్లో అబ్బాయి మనల్ని పైకీ కిందికీ చూస్తాడు. వైన్స్‌లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి.

దొరికితే గిరికితే నాసిక్ షెనిన్ బ్లాన్ అనే తెల్ల వైన్ తీసుకోండి. 2000లో సులా అనే వైన్ కంపెనీ వాళ్లు మొదటగా తెచ్చిన సీసాల్లో ఇదొకటి. కాస్త తీపి ఉంటుంది, మన పప్పుకి పర్లేదు. సావిన్యాన్ బ్లాన్ అనే ఇంకో తెల్ల వైన్ అయితే క్యాప్సికం కూరతో చూడండి. రెండింట్లోనూ ఆ పచ్చి వాసన ఒకే రకం పదార్థం వల్ల వస్తుందట, నిజంగానే అతికినట్టు ఉంటుంది.

ఇంకోటి. "ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రత దగ్గర తాగాలి" అని ఎవరో చెప్తే నమ్మి మే నెలలో తాగాను. వాళ్ల గది 16, 18 డిగ్రీలు. మా గది 38. కషాయంలా ఉంది.

నిత్యశాకాహారి

కూరగాయలతో వైన్ అంటున్నారు, మరి వైన్ శాకాహారమేనా? తేట పడటానికి గుడ్డు తెల్లసొన, చేప తిత్తి వాడతారని విన్నాను.

తాటివనం

కొందరు వాడతారు, నిజమే. ఎర్ర వైన్‌లో వగరు తగ్గించడానికి తెల్లసొన, తెల్ల వైన్ తేటపరచడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్, పాల నుంచి తీసే కేసీన్. తర్వాత వడకట్టేస్తారు గానీ పట్టింపు ఉన్నవాళ్లకి అది జవాబు కాదు. బెంటొనైట్ అనే బంకమట్టితో తేటపరిచేవాళ్లూ ఉన్నారు. సీసా మీద "వీగన్" అని ఉంటే ఆ తంటా లేదు.

పెరుగన్నం_పార్టీ

చూశారా, పప్పన్నం తినడానికి ఇంత పరిశోధన కావాలంటే ఎవడు తింటాడు? పైగా ఆల్కహాల్ ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. మజ్జిగకి ఈ గొడవ ఉందా?

ఎడిసన్_వంటిల్లు

ఆరోగ్యం మాట కాదనను. ఈ ఇంట్లో తాగేది నెలకి ఒకటి రెండుసార్లే. కానీ పందెం కాశాక వదిలేది లేదు కదా. ఈ ఆదివారం మళ్లీ అదే వంట చేశాం, కారం ఈసారి మామూలుగానే వేశాం. రెండు సీసాలు తెచ్చాను: ఒకటి మోసెల్ కాబినెట్, ఒకటి బోజొలే.

మునక్కాడల పులుసుతో కాబినెట్: తాటివనం గారూ, దండం. దొండకాయ వేపుడుతో ఇంకా బాగుంది, ఉప్పూ నూనే తగిలేసరికి ఆ పులుపు నాలుకని కడిగినట్టయింది. వంకాయతో మాత్రం తేలిపోయింది. అక్కడ గోంగూర గారి బోజొలే గెలిచింది, చల్లగా ఉన్నంత సేపే. గ్లాసు వేడెక్కాక మళ్లీ కొంచెం మంట మొదలైంది. టమాటా పప్పులో ఆవకాయ కలిపాక రెండూ చేతులెత్తేశాయి. ఆవపిండి ఘాటు ముందు ఏదీ ఆగలేదు.

మా ఆవిడ "నే చెప్పలా" అంది. సగమే ఒప్పుకున్నాను.

పెరుగన్నం_పార్టీ

మరి పెరుగన్నం దగ్గర ఏ సీసా తెరిచారు?

ఎడిసన్_వంటిల్లు

గ్లాసులు తీసేశాం. కాబినెట్ ఇంకా పావు సీసా ఉంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. రేపు టిఫిన్ డబ్బాలోకి మా ఆవిడ నిమ్మకాయ పులిహోర కలుపుతోంది, రాత్రికి కొంచెం మిగల్చమని చెప్పాను.