కాలనీ పార్కుకు పగలంతా తాళం వేయడం న్యాయమేనా?

మెట్టుగడ్డ వాసి:
మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పార్కుకు నెల రోజుల నుంచి పొద్దున 9 గంటలకు తాళం వేస్తున్నారు. మళ్లీ తీసేది సాయంత్రం 5కే. పార్కంటే వాకింగ్ ఒక్కటేనా? ఎండపూట నీడ ఎవరికీ అక్కర్లేదా? మీ దగ్గర ఎట్లుందో చెప్పండి.

ఉదయపు నడక:
తాళం వేద్దామని కమిటీలో అన్నది నేనే. దాచుకునేదేం లేదు. ఆరేళ్ల కింద అక్కడ ముళ్లకంప, చెత్త తప్ప ఏమీ లేదు. ఇంటికి నెలకు 100 రూపాయలు వేసుకొని ట్రాక్ వేయించాం, కానుగ మొక్కలకు బిందెలతో నీళ్లు మోశాం. పోయినేడు ఓపెన్ జిమ్‌లో సైకిల్ పెడల్ ఊడబీక్కుపోయారు. పగలు తెరిచి ఉంచితే సాయంత్రానికి గుట్కా ప్యాకెట్లు, సీసా పెంకులు. నాకు షుగర్ ఉంది, పొద్దున నలభై నిమిషాలు నడవకపోతే ఆ రోజంతా టెన్షనే. కాపాడుకోవాలంటే మూయక తప్పదు. మన ఊరి పాత మర్రిచెట్టు, పిల్లలమర్రిని చూడండి. 2017లో కొమ్మ విరిగాక జనాన్ని ఆపేశారు, మరుసటేడు చెదలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. అట్లా చేశారు కాబట్టే చెట్టు నిలబడింది.

జడ్చర్ల పోరడు:
అప్పన్నపల్లిలో ఎకో పార్కు ఉంది కదా. రెండు వేల ఎకరాలు. ఈ చిన్న జాగా కోసం ఇంత లొల్లి ఎందుకు?

మెట్టుగడ్డ వాసి:
అది ఆదివారం పిల్లల్ని తీసుకొని పోయే చోటు తమ్ముడూ. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ రోజూ ఆటో కట్టుకొని అంత దూరం పోగలదా? ఆమెకు ఇంటి నుంచి వంద అడుగుల్లో ఒక బెంచీ కావాలి, అంతే.
సార్, చెట్టుకు జబ్బు చేసింది కాబట్టి పిల్లలమర్రిని మూశారు. మన పార్కుకు ఏం జబ్బు చేసింది?

కానుగ చెట్టు:
ట్రాక్ వెనక కోనోకార్పస్ చెట్ల వరస పెట్టిందెవరో ముందు అది చెప్పండి. నాటొద్దని మన సర్కారే చెప్పింది. గోడలాగా పెరుగుతుంది, కింద కూర్చునేంత నీడ ఉండదు.

ఉదయపు నడక:
ఊరికే ఇచ్చారు, పెట్టాం. ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. లేఅవుట్‌లో 10 శాతం జాగా పార్కుకు వదిలారు, దాని ఖరీదు మా గజం రేటులోనే కలిసింది. అంటే డబ్బు పెట్టింది ప్లాటు కొన్న మేము.

మెట్టుగడ్డ వాసి:
ఆ జాగా మున్సిపాలిటీకి రాసిచ్చారా లేదా? రాసిచ్చాక అది ఊరిది.

ఉదయపు నడక:
ఊరిదంటే ఎవరిదండీ? అడ్డా మీద పని దొరకని వాళ్లంతా వచ్చి బెంచీల మీద పడుకుంటే మా ఆడవాళ్లు ఎట్లా నడవాలి?

మెట్టుగడ్డ వాసి:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీ కోపం పెడల్ మీద కాదు, పెంకుల మీద కాదు, ఆ మనుషుల మీద. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మా నాయన పన్నెండేళ్లు బొంబాయిలో మట్టి పని చేసిండు. పని లేని రోజు పార్కులో పడుకుంటే వాచ్‌మన్ కాళ్ల మీద లాఠీతో కొట్టి లేపేవాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాయన చెయ్యి తనకు తెలియకుండానే కాలి గిలక మీదికి పోయేది. ఆయన సొంత ఊళ్లో, ఆయనలాంటి వాళ్లకే మనం గేటు వేస్తున్నాం.

ఉదయపు నడక:
మీ నాయనను నేనేమీ అనలేదు. నా బిడ్డ సంగతి కూడా వినండి. ఒకరోజు ట్రాక్ మీద ఎవడో వెంటబడి ఏదో కూశాడు. ఇంటికొచ్చి ఏడ్చింది. అప్పటి నుంచి అటు అడుగు పెట్టలేదు. తాళం మాట నేను ఎత్తింది ఆ రాత్రే.

న్యూటౌన్ అక్క:
అన్నా, వాడు బెంచీ మీద పడుకున్నవాడా?

ఉదయపు నడక:
కాదమ్మా. బండి మీద వచ్చినవాడు. సాయంత్రం ఆరున్నరకు.

న్యూటౌన్ అక్క:
ఆరున్నరకు గేటు తెరిచే ఉంటుంది కదా. మరి తాళం ఎవరి మీద పడింది? నేనూ అక్కడే నడుస్తా. మధ్యాహ్నం నలుగురు కునుకు తీస్తుంటే నాకు భయం లేదు. ఆ కోనోకార్పస్ వెనక మూలకు లైటు పోయి ఎన్నాళ్లయిందో, అక్కడ నా నడక పరుగవుతుంది. ఆడవాళ్లకు బాత్రూం కూడా లేదు, గంట ఉండాలంటే నీళ్లు తాగకుండా రావాలి.

కానుగ చెట్టు:
ఆ వరస కొట్టేసి కానుగలు పెట్టండని అందుకే అంటున్నా.

ఉదయపు నడక:
లైటు సంగతి, బాత్రూం సంగతి కమిటీలో పెడతా. తాళం మాత్రం నేనొక్కణ్ని అనుకుంటే తీసేది కాదు.

మెట్టుగడ్డ వాసి:
ఇవాళ రెండింటికి అమ్మ గేటు దాకా పోయి, బయట కల్వర్టు మీద కాసేపు కూర్చొని తిరిగొచ్చింది. పైన నీడ లేదు. మీటింగ్ ఎప్పుడు?

ఉదయపు నడక:
ఆదివారం పొద్దున 7కు, ట్రాక్ దగ్గర. అమ్మను కూడా తీసుకురండి.