ద్రాక్షారామంలో ద్రాక్ష ఎక్కడిది?

కార్తీకం దగ్గరపడితే చాలు, కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో పంచారామాల బస్సు మాట మొదలవుతుంది. ఆదివారం రాత్రి ఎక్కి సోమవారం ఒక్క రోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చుట్టేయాలని అమ్మ పట్టు. ఆవిడ మోకాళ్ల గురించి టెన్షన్ నాకే తప్ప ఆవిడకు లేదు. మొన్న ఊళ్ల పేర్లు కాగితం మీద రాస్తుంటే ఆరో తరగతి మేనకోడలు అడిగింది: "మామయ్యా, ద్రాక్షారామం అంటే ద్రాక్షతోటా?"

సగం సరిగ్గానే అంది. ఆరామం అంటే తోటే. కానీ అది గోదావరి డెల్టా, వరీ కొబ్బరీ పండే నేల. ద్రాక్ష మాటకొస్తే దాని పేరు చెప్పుకోవాల్సింది మన హైదరాబాదే, అనాబెషాహీ పుట్టిల్లు. అందుకని ఆ పేరు దక్షారామం, దక్షుడి తోట అని చెప్పాను. దక్షయజ్ఞం అక్కడే జరిగిందని స్థలపురాణం. పిల్ల ఊరుకోలేదు. "మరి ర ఎందుకు?"

అక్కడ ఇరుక్కుపోయి ఈ గుంపులో అడుగుతున్నాను. నా దగ్గరున్న సాక్ష్యం శ్రీనాథుడి శార్దూలం మొదటి పాదం: "దక్షారామ చళుక్యభీమవర గంధర్వాప్సరోభామినీ". పదమూడో అక్షరం ధ. మొదటి ద తో యతి కుదిరింది. అంటే ఆయన కాలానికి ర లేదనేగా?

ఉప్పల్ మాస్టారి జవాబు:
తొందరపడకు నాయనా. ద్రాక్షారామ అని పెట్టి చూడు. ద్రా గురువే, గణం చెడదు. ద్ర లో ఉన్న ద కూడా ధ తో యతి చెల్లుతుంది. ప్రాస రెండో అక్షరం మీద, అది క్ష, ఎటూ మారదు. ఛందస్సు ఇక్కడ ఎవరి వైపూ సాక్ష్యం చెప్పదు. అదే 'చళుక్య'ని 'చాళుక్య' చేశావనుకో, లఘువు ఉండాల్సిన చోట గురువు పడి పాదం కూలిపోతుంది. ఇంకో మాట, ఆ చళుక్యభీమవరం నువ్వనుకునే భీమవరం కాదు, సామర్లకోట. తూర్పు చాళుక్యుల భీముడి పేరు మీద వచ్చింది. సోమారామం ఉన్న గునుపూడి భీమవరం వేరు.

నేను:
మాస్టారూ, నిజం. ద్రాక్షారామంతో పాదం రెండుసార్లు పైకి చదువుకున్నాను, ఎక్కడా తడబడలేదు. యతి దొరికిన ఆనందంలో రెండో వైపు చూడలేదు.

బోడుప్పల్ తమ్ముడి జవాబు:
అన్నా, పద్యం దాకా ఎందుకు? అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం మీ ఇంట్లో ఎవరూ చదవరా? "మాణిక్యా దక్షవాటికే" అని ఉంటది కదా. ద్రాక్షారామంలో అమ్మవారు మాణిక్యాంబ. వాటిక అన్నా తోటే, ఆరామం అన్నా తోటే.

ఇది చదివి సిగ్గేసింది. మా అమ్మ రోజూ దీపం పెట్టాక చదివే శ్లోకం అది. చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను, వాటిక దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఆరామం తీసి దాని పర్యాయపదం పెట్టినా ముందున్న దక్ష కదల్లేదు. ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి? శాసనాల్లో కూడా దాక్షారామం అనే రూపం కనిపిస్తుంది. మొదటి అక్షరానికి దీర్ఘం వచ్చింది కానీ ర ఇంకా రాలేదు.

ఇక ర సంగతి. నా ఊహ ఇది, ఒప్పుకోకపోతే చెప్పండి. క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, త్రాగు తాగు అయింది. నోట్లో ర పోయింది, రాతలో మిగిలింది. దాంతో 'ర లేకపోతే మోటు, ఉంటే శుద్ధం' అన్న భయం పట్టుకుంది. దాక్షా అని వినగానే ఎవరో చదువుకున్నాయన, పాపం ర జారిపోయిందనుకుని తెచ్చి అతికించి ఉంటాడు. ద్రాక్ష అనే మాట ఎలాగూ చేతికందేలా ఉంది. మన హోటల్ బోర్డుల మీద శాకాహారం 'శాఖాహారం' అయిందే, అలాంటి అతిజాగ్రత్త.

మలక్‌పేట అక్క జవాబు:
మాది రామచంద్రపురం దగ్గర. మా వైపు ద్రాక్షారం అనేస్తాం. మీరు ర గురించి కొట్టుకుంటున్నారు, మేము మ ని కూడా మింగేశాం. అది సరే, ఆరామం అంటే తోట ఒక్కటేనా? బౌద్ధుల సంఘారామాలు కూడా ఉన్నాయి కదా?

నేను:
ఉన్నాయి అక్కా. అమరావతిలో స్తూపం, అమరేశ్వరుడి గుడి ఒకే ఊళ్లో ఉన్నాయి, అందుకే ఆ అనుమానం. కానీ ఒక్క మాటను పట్టుకుని ఐదు గుళ్లూ ఒకప్పటి విహారాలే అనడం నాకు నచ్చదు. అది తవ్వకాల్లో తేలాల్సిన సంగతి, నిఘంటువులో కాదు.

బోడుప్పల్ తమ్ముడు మళ్లీ:
మరి మన ఆరాంఘర్ చౌరస్తా సంగతేంది అన్నా? అదీ ఆరామమేనా?

మాస్టారు:
అది పారసీక ఆరాం, విశ్రాంతి. సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. కానీ రెండూ బంధువులే. సంస్కృతంలో రమ్ ధాతువుకు ఆగడం, సేదతీరడం అనే అర్థాలున్నాయి, ఇరానీ భాషల్లోనూ దాని తోబుట్టువు ఉంది. అక్కడ విశ్రాంతి అయింది, ఇక్కడ సేదతీరే తోట అయింది.

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఈలోపు మేనకోడలు కాగితం మీద ర కొట్టేసి 'దక్షారామం' అని దిద్దింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, పెన్ను తీసుకుని ర మళ్లీ పెట్టింది. "బస్సు బోర్డు మీద ద్రాక్షారామం అనే ఉంటుందమ్మా. తెల్లారుజామున దిగాల్సిన ఊరు దాటిపోతే నీ మామయ్య నన్ను ఎత్తుకొస్తాడా?"