రాజకీయ కార్టూన్‌ను పిల్లలతో ఎలా చదివించాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి సోషల్ టీచర్

నమస్కారమండీ. పోయిన నెల క్లాసులో ‘డ్రాపింగ్ ది పైలట్’ (పైలట్‌ను దింపేయడం) కార్టూన్ చూపించాను. 1890 మార్చిలో లండన్ హాస్య పత్రిక ‘పంచ్’ కోసం జాన్ టెనియల్ గీసింది. జర్మన్ చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) బిస్మార్క్ ఓడ నిచ్చెన దిగుతుంటాడు, పైనుంచి అతణ్ణి అప్పుడే పదవి నుంచి తప్పించిన చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ చూస్తుంటాడు. “దీని అర్థం ఏంటి?” అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. కాసేపు చూసి అర్థం నేనే చెప్పేశాను, వాళ్లు నోట్సులో రాసుకున్నారు.

పరీక్షలో ఇంకో కార్టూన్ ఇస్తే దాదాపు అందరూ అందులో ఉన్న నాయకుడి జీవిత చరిత్ర రాశారు. బొమ్మ గురించి ఒక్క వాక్యం లేదు. పేపర్లు దిద్దుతుంటే చాలా బాధేసింది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?

జవాబు 1: చరిత్ర మాస్టారు

మేడమ్, ఇరవై రెండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. మొదట్లో నేనూ ఇదే ప్రశ్నతో మొదలుపెట్టేవాణ్ణి. “అర్థం ఏంటి” అని అడగ్గానే పిల్లలకు టెన్షన్ వస్తుంది. సరైన జవాబు టీచర్ దగ్గర ఉందని, అది తమకు తెలియదని అనుకుని ఊరుకుంటారు.

ఇప్పుడు నా క్లాసులో మొదటి పది నిమిషాలు “అంటే” అనే మాట వాడకూడదు. కంట్లో పడిందే చెప్పాలి. ఇదే కార్టూన్‌తో చేశాను. పెద్దాయన కిందికి దిగుతున్నాడు అన్నారు. పైనున్నవాడికి కిరీటం ఉంది, చేతులు కట్టుకుని రెయిలింగ్ మీదికి వాలాడు అన్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక కుర్రాడు లేచి, “దిగేవాడి చెయ్యి ఇంకా ఓడను వదల్లేదు సార్” అన్నాడు. ఆ ఒక్క మాటతో క్లాసంతా మళ్లీ బొమ్మ మీదికి వంగింది. ఆ చెయ్యి ఎందుకు వదల్లేదు, పైవాడు చెయ్యి ఎందుకు అందించలేదు అని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

అప్పుడు మాత్రమే తెలియని సంగతులు అందించాలి. ఇక్కడ ముఖ్యమైనది ‘పైలట్’ అనే మాట. పిల్లలకు పైలట్ అంటే విమానమే. రేవులో లోతులు తెలిసి, ఓడను భద్రంగా బయటికి దాటించి దిగిపోయే మనిషిని కూడా పైలట్ అంటారని చెప్పాలి. తర్వాత వయసులు బోర్డు మీద రాస్తాను: 1871 నుంచి చాన్సలర్‌గా ఉన్న బిస్మార్క్‌కు 74, 1888లో గద్దెనెక్కిన విల్‌హెల్మ్‌కు 31.

ఇక్కడితో ఆపేస్తే సగమే అయినట్టు. “ఈ బొమ్మను విల్‌హెల్మ్ చూస్తే ఏమంటాడు?” అని తప్పకుండా అడగండి. ఒకమ్మాయి రాసిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే: “పైలట్ పని రేవు దాటేదాకానే కదా, ఇక ఓడ నేను నడుపుకుంటాను.” నిజమే, ఆ పోలికను అటు తిప్పి కూడా చదవొచ్చు. కార్టూన్ ఒకరి అభిప్రాయమనీ, దానితో వాదించవచ్చనీ నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ వాక్యంతో క్లాసుకు ఎక్కింది.

జవాబు 2: డ్రాయింగ్ టీచర్

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మాటలున్న కార్టూన్ అయితే ముందు వాటిని కాగితంతో మూసేయండి. డేవిడ్ లో (Low) అనే కార్టూనిస్టు గీసిన ‘రాండెవూ’ (అంటే కలయిక, 1939 సెప్టెంబర్ 20) అలాగే చూపిస్తాను. హిట్లర్, స్టాలిన్ టోపీలు తీసి వంగి దండాలు పెట్టుకుంటుంటారు. “ఫ్రెండ్స్” అంటారు పిల్లలు. కాగితం తీస్తే ఇద్దరూ అంత మర్యాదగానూ ఒకరినొకరు ఘోరంగా తిట్టుకుంటున్నారు! ఒళ్లు ఒకటి చెబుతోంది, నోరు ఇంకొకటి చెబుతోంది. వ్యంగ్యం అంటే ఏమిటో నేను నిర్వచనం చెప్పక్కర్లేదు.

ఇద్దరి మధ్య నేల మీద పడి ఉన్న మనిషిని చాలామంది ఆఖర్న గమనిస్తారు. అది పోలండ్. సెప్టెంబర్ 1న జర్మనీ, 17న సోవియట్ సైన్యం దాని మీదికి వెళ్లాయి. కార్టూన్ వచ్చింది ఆ మూడు రోజులకే.

జవాబు 3: ఇంటర్ సివిక్స్ లెక్చరర్

ఒక జాగ్రత్త. ఒక నాయకుడు చేసిన పనిని పెద్దది చేసి చూపడం వేరు, ఒక జాతి ముక్కునూ ముఖాన్నీ వికారంగా గీయడం వేరు. నాజీల కాలంలో ‘డెర్ స్టుర్మర్’ పత్రిక యూదుల మీద ఏళ్ల తరబడి అలాంటి బొమ్మలే వేసింది. దాన్ని నడిపిన స్ట్రైషర్‌కు నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ తర్వాత 1946లో ఉరిశిక్ష పడింది. అందుకే “ఇందులో ఎవరి పనిని విమర్శిస్తున్నారు, ఎవరి పుట్టుకను వెక్కిరిస్తున్నారు?” అన్న ప్రశ్న నేను ఏ కార్టూన్‌కైనా అడుగుతాను.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పత్రికలో వచ్చిన ముక్కలైన పాము బొమ్మ తీసుకెళ్లాను. “అంటే” అనకూడదని చెప్పాను. ఎనిమిది ముక్కలని లెక్కపెట్టారు, ఒక్కోదాని పక్కనున్న అక్షరాలు (అమెరికాలోని బ్రిటిష్ కాలనీల పేర్లకు గుర్తులు) చదివారు. కింద ‘కలవండి, లేదా చావండి’ అని ఉంది. ఇది బ్రిటన్ మీద తిరుగుబాటు గురించేనని అందరూ గట్టిగా అన్నారు. నేను ఏమీ అనకుండా బోర్డు మీద 1754 అని రాశాను. కాసేపటికి ఒకబ్బాయి, “అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776 కదా మేడమ్, మరి అప్పుడు శత్రువు ఎవరు?” అన్నాడు. ఫ్రెంచి వాళ్లతో యుద్ధం సంగతి అప్పుడు చెప్పాను. చెవులు రిక్కించి విన్నారు.

బెల్ కొట్టాక ఒకమ్మాయి వచ్చి, కాలనీలు పదమూడు కదా, జార్జియా ముక్క ఏదని అడిగింది. రేపు క్లాసు అక్కడి నుంచే మొదలుపెడతాను.