"నాకు రాదు" అనే ఐదేళ్ల పాపకి ఏ బొమ్మల పుస్తకాలు చదివి వినిపించాలి?

కుందలహళ్లి_అమ్మ

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. పాపకి ఐదేళ్లు నిండాయి, యూకేజీ చదువుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ వాగుతూనే ఉంటుంది. కరెంటు పోతే చాలు, "జనరేటర్ అంకుల్ ఇంకా నిద్ర లేవలేదా?" అని అడుగుతుంది. బడిలో మాత్రం నోరు విప్పదు.

క్లాసులో ఇంగ్లీషు, ఆటల దగ్గర కన్నడం, హిందీ. జూన్‌లో ఒకరోజు వాటర్ బాటిల్ మూత బిగుసుకుపోతే "మూత రావట్లేదు" అని తెలుగులో అందట. పక్కనున్న పిల్లలకి అర్థంకాక నవ్వారట. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆగస్టు వచ్చింది. అప్పటిదాకా బాటిల్ నిండుగా తిరిగొస్తుంటే, నీళ్లు తాగవెందుకని దాన్నే కోప్పడ్డాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఈమధ్య ఇంకోటి మొదలైంది. బొమ్మ వేస్తుంది, చెరిపేస్తుంది. మొన్న ఆదివారం ఇల్లు వేసింది. కిటికీ వంకర వచ్చిందని చెరిపింది. మళ్లీ వేసింది, మళ్లీ చెరిపింది. అలా ఐదారుసార్లు అయ్యాక కాగితం నలిగి, కిటికీ ఉండాల్సిన చోట చిల్లు పడింది. "నాకు రాదమ్మా" అని రబ్బరు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"బాగుంది తల్లీ" అంటే నమ్మదు. ప్రతి పేజీలో "నేను ప్రత్యేకం, నాకు భయం లేదు" అని రాసి ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి నాలుగొందలు పెట్టి కొన్నాను. రెండు పేజీలు విని "ఈ పాప నేను కాదు" అని మూసేసింది. తన మీద తనకి నమ్మకం కలిగించే బొమ్మల పుస్తకాలు మీ పిల్లలకి ఏవి పనికొచ్చాయో చెప్పండి. తెలుగులో ఉంటే ఇంకా మంచిది.

కసవనహళ్లి_నాన్న

అక్కా, మా వాడికి ఏడేళ్లు. పుస్తకాల సంగతి నాకంతగా తెలీదు కానీ పొగడ్త విషయంలో మేం చేసిన పొరపాటు చెప్తాను. వాడు చిన్న పజిల్ పెట్టినా "జీనియస్ రా నువ్వు" అనేవాళ్లం. కొన్నాళ్లకి కష్టమైనది చూస్తే ముట్టుకోవడమే మానేశాడు. పెడితే జీనియస్, పెట్టలేకపోతే ఏమవుతాడో వాడికి తెలీదు కదా.

తర్వాత చదివాను, 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో ఇదే పరీక్షించారు. "తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాత తేలికైనవే కోరుకున్నారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు కొత్తది నేర్చుకునేవి కోరుకున్నారు. ఇప్పుడు మేం "ఇది ఎలా చేశావో చూపించు" అని మాత్రమే అడుగుతున్నాం. వాడు పది నిమిషాలు చెప్తాడు. వినే ఓపిక మనకుండాలి, అంతే.

శనివారం_కథలు

అమ్మా, మీ పోస్టు రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నెల్లూరు జిల్లాలో 31 ఏళ్లు ఒకటి, రెండు తరగతుల పిల్లలకి చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వర్తూరు దగ్గర మా అబ్బాయి వాళ్లింట్లో ఉంటున్నాను. శనివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చాప పరిచి పిల్లలకి బొమ్మల పుస్తకాలు చదువుతాను. 15 మంది దాకా వస్తారు, సగానికిపైగా తెలుగు రానివాళ్లే.

"ఈ పాప నేను కాదు" అంది చూశారూ, ఆ పిల్లని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. సరిగ్గా చెప్పింది. భయంతో ఉన్న పిల్లకి "నీకు భయం లేదు" అని పుస్తకం చెప్తే, ఆ పుస్తకానికి తను తెలియదని పిల్లకి అర్థమైపోతుంది. బడాయి లేని కథ కావాలి. అందులో పిల్ల తనంతట తను దూరాలి.

ముందు "ద క్యారట్ సీడ్" సంపాదించండి. 1945 నాటి ఇంగ్లీషు పుస్తకం. రాసింది రూత్ క్రౌస్, బొమ్మలు వేసింది ఆవిడ భర్త క్రాకెట్ జాన్సన్. ఒక పిల్లాడు క్యారట్ గింజ నాటతాడు. రాదేమో అంటుంది అమ్మ. రాదేమో అంటాడు నాన్న. అన్నయ్య అయితే రాదని తేల్చి చెప్పేస్తాడు. వాడు ఎవరితోనూ వాదించడు. రోజూ నీళ్లు పోస్తాడు, కలుపు తీస్తాడు. ఎన్నాళ్లయినా ఏమీ రాదు. ఒకరోజు వస్తుంది. అంతే కథ.

దీన్ని తెలుగులో చెప్పండి. తెలుగులో చెప్తే ఇంగ్లీషులో లేని బలం ఒకటి దీనికి వస్తుంది. మొక్క మొలవకపోతే "రాదు" అంటాం. బొమ్మ వెయ్యడం చేతకాకపోయినా "రాదు" అనే అంటాం. మన భాషలో మొక్కా వస్తుంది, చదువూ వస్తుంది, ఈతా వస్తుంది. మీ పాప బాటిల్ మూత కూడా "రావట్లేదు" అనే కదా అంది! నీళ్లు పోస్తూ ఉంటే వచ్చేదాన్నే మనం ఇప్పటికి "రాదు" అంటున్నామని ఆ కథ ఒక్క నీతి మాట లేకుండా పిల్లకి చేరవేస్తుంది. మీరు విడమర్చి చెప్పకండి. దయచేసి "చూశావా, నువ్వు కూడా" అని మొదలెట్టకండి.

ఖాళీ మట్టి కనిపించే పేజీ దగ్గర ఆగండి. ఊరికే కూర్చోండి. మా గుంపులో ఒక బెంగాలీ పిల్లాడు ఆ పేజీ వచ్చినప్పుడల్లా ముందుకొచ్చి, కింద ఏమైనా ఉందేమోనని వేలితో ఆ మట్టిని గోకి చూస్తాడు. కథ ఎలా ముగుస్తుందో వాడికి తెలుసు. అయినా నాలుగు వారాలుగా గోకుతున్నాడు.

రబ్బరు సంగతికి "ద డాట్" చూడండి. పీటర్ రెనాల్డ్స్‌ది, 2003లో వచ్చింది. బొమ్మ వెయ్యడం రాదని ఖాళీ కాగితం ముందు కూర్చున్న పిల్ల ఒకతె, టీచరు అడిగిందని కోపంగా ఒక చుక్క పొడుస్తుంది. చుక్క బాగుందని టీచరు అనదు. కాసేపు దాన్ని చూసి, సంతకం పెట్టమంటుంది. మళ్లీ వారానికి ఆ చుక్క బంగారు రంగు ఫ్రేములో గోడమీద ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఈ పుస్తకం నాకు దొరికుంటే ఎంతమంది పిల్లల పలకల మీద చెరపకుండా వదిలేసేదాన్నో!

"లియో ద లేట్ బ్లూమర్" మీకోసం, మీ ఆయన కోసం. 1971 పుస్తకం. మిగతా పిల్లలకి వచ్చినవేవీ రాని పులిపిల్ల, దాన్ని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే వాళ్ల నాన్న. అలా కనిపెడుతూ ఉంటే పిల్ల వికసించదని తల్లి చెప్తుంది. పాప పడుకున్నాక చదువుకోండి.

ఇక డబ్బు పెట్టక్కర్లేనిది ఒకటుంది, ఏడు చేపల కథ. అందులో చేప గడ్డిమోపు మీదికి నెడుతుంది, గడ్డిమోపు ఆవు మీదికి, ఆవు పాలేరు మీదికి, పాలేరు అవ్వ మీదికి, అలా అందరూ పక్కవాళ్ల మీదికి తోసేస్తూ పోతారు. చిట్టచివర, అందరిలోకీ చిన్నది, చీమ వస్తుంది. అది ఎవరి మీదికీ తొయ్యదు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. రాజుగారి కొడుకుల దగ్గర మొదలైన కథలో చివరి మాట చీమది. ఐదేళ్ల పిల్లకి ఇంతకన్నా ధైర్యమిచ్చే వాక్యం నాకు తెలిసి లేదు. రోజూ రాత్రి చెప్పండి. చీమ మాట మాత్రం మీరు అనకండి. అక్కడిదాకా వచ్చి ఆగి, పాప కోసం చూడండి. ఎన్ని రోజులైనా సరే.

తర్వాత దాన్నే పుస్తకం చెయ్యండి. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకి మడిచి దారంతో కుడితే 16 పేజీలు వస్తాయి. పెన్సిల్ ఇవ్వకండి, స్కెచ్ పెన్నులివ్వండి. వంకర వచ్చిన గీతకి కథలో ఏదో ఒక పని చెప్పండి. అట్ట మీద పాప పేరు పాపే రాయాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే: కుందలహళ్లిలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే రైలు మారకుండా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. ఆ పార్కులోనే ఇందిరా ప్రియదర్శిని పిల్లల లైబ్రరీ ఉంది. బెంగళూరుకే చెందిన ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే సైటు పెట్టారు. అక్కడ తెలుగు కథలు ఉచితంగా చదివి, ప్రింటు కూడా తీసుకోవచ్చు. చాలా కథలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉంటాయి. ఒకే కథని ఇవాళ తెలుగులో, వారం తర్వాత కన్నడంలో చదవండి, బడిలో వినే మాటలు అమ్మ నోట కూడా వినిపిస్తాయి. చెన్నైలోని తూలిక వాళ్లు ఇంగ్లీషు, తెలుగు రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వేస్తారు. సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి.

మాటల_ముచ్చట

నేను స్పీచ్ థెరపీ చదువుకున్నాను. టీచరుగారు చెప్పినవన్నీ చెయ్యండి, కానీ పుస్తకాలకన్నా ముందు బాటిల్ మార్చండి. బటన్ నొక్కితే తెరుచుకునేది కొనండి. దాహంతో కూర్చున్న పిల్లకి ఏ కథా ఎక్కదు. ఆయమ్మతో అనడానికి ఒక్క కన్నడం మాట నేర్పండి: "ఓపన్ మాడి", అంటే తెరవండి అని. ఇంట్లో బొమ్మలతో ఆడుతూ నేర్పండి, పరీక్షలాగా వద్దు.

బడిలో వాళ్లు "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అంటారేమో, తెలుగు మానొద్దు. కొత్త భాషలోకి వెళ్లిన పిల్లలు కొన్నాళ్లు వింటూ ఊరుకోవడం మామూలే. కానీ ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్ల బడిలో అసలు మాట్లాడకపోవడం, బడి మొదలైన మొదటి నెల దాటాక కూడా అలాగే సాగితే, అది సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు. మీ పాపకి అదే అని నేననను, చూడకుండా ఎవరూ అనలేరు. అయితే జూన్ నుంచి అంటున్నారు కాబట్టి ఒకసారి చూపించడం మంచిది. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. వెళ్లడానికి భయపడకండి. తొందరగా వెళ్తే తేలిగ్గా సర్దుకుంటుంది. ఒక్క మాట, "మాట్లాడు, ఆంటీకి హలో చెప్పు" అని పదిమందిలో బలవంతపెట్టొద్దు.

కుందలహళ్లి_అమ్మ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బాటిల్ ఆ సాయంత్రమే మార్చాం. ఇప్పుడు సగం ఖాళీగా వస్తోంది. నిమ్హాన్స్‌కి వచ్చే మంగళవారం వెళ్తున్నాం. క్లాసులో ఇంకా మాట్లాడట్లేదు. ఆయమ్మతో మాత్రం ఒకసారి టిఫిన్ బాక్సు చూపించి "ఓపన్ మాడి" అందట. ఆవిడే గేటు దగ్గర నాకు చెప్పింది.

ఏడు చేపల కథ మొదటి మూడు రాత్రులు చీమ దగ్గరికి రాగానే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నేనూ ఏమీ అనకుండా పడుకున్నాను. నాలుగో రాత్రి దుప్పటి లోపల్నుంచి "కుట్టనా" అని వినిపించింది. ఆ ఒక్క ముక్కే. ఇప్పుడైతే వాళ్ల నాన్న ఏది ముట్టుకున్నా "నా బంగారు పుట్ట" అంటోంది.

పుస్తకం తొమ్మిదో పేజీ దాకా వచ్చింది. ఆవుకి ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి వచ్చింది. రబ్బరు కోసం చుట్టూ వెతికింది. నాకు ఊపిరి ఆగినట్టయింది. కాసేపు చూసి, "ఇది గోడకి గీరుకుంది, అందుకే అరిగిపోయింది" అని పేజీ తిప్పేసింది. మీరు చెప్పినట్టు నేను నోరు మెదపలేదు టీచరుగారూ. వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

క్యారట్ పుస్తకం మొదటిసారి వింటూ "వీడికి రాదు" అంది. ఇప్పుడు తనకీ గింజలు కావాలంటే బాల్కనీలో పెరుగు డబ్బాలో నాటాం. తొమ్మిది రోజులైంది. ఇంకా ఏమీ రాలేదు, నాకే టెన్షన్‌గా ఉంది. మెంతులేసినా ఈపాటికి వచ్చేసేవి కదా అనిపిస్తోంది. డబ్బా మార్చెయ్యనా?

శనివారం_కథలు

మార్చకండమ్మా. క్యారట్ నిదానంగా మొలుస్తుంది, రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. పైన మట్టి ఎండిపోకుండా చూడండి, గ్లాసుతో పొయ్యకుండా చేత్తో చిలకరించండి. డబ్బా అడుగున చిల్లులున్నాయా? గింజ ఎంత లోతున పెట్టారు? పావు అంగుళం దాటకూడదు.

కుందలహళ్లి_అమ్మ

చిల్లులు పెట్టాం, లోతు కూడా పావు అంగుళమే. పొద్దున్నే లేచి గోకి చూస్తానంటోంది, ఆపుతున్నాను.