కాఫీ పిప్పి సంచికి పచ్చ బూజు: ముత్యపు చిప్ప పుట్టగొడుగుల మీద సందేహం

మిద్దెతోట:
టిఫిన్ హోటల్ నుంచి ఫిల్టర్ కాఫీ పిప్పి తెచ్చి, నాలుగు రోజులది పోగుచేసి, 5 కిలోల సంచిలో 200 గ్రాముల పుట్టగొడుగు విత్తనం (స్పాన్) కలిపాను. వారానికల్లా పచ్చ బూజు కమ్మేసింది. తప్పెక్కడ? మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలు కూడా వేయొచ్చా?

గడ్డిమోపు:
నాలుగు రోజుల నిలవే కొంప ముంచిందండి. మరిగే నీళ్లు తగలడంతో పిప్పిలో సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. చల్లారి గాలి తగిలాక మళ్లీ చేరతాయి. ఆ పచ్చది ట్రైకోడెర్మా అనే బూజు. పిప్పిని 24 గంటల్లోపు వాడండి, కుదరకపోతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

మీరు వేసిన విత్తనం 4 శాతమే. కాఫీ పిప్పికి 10 శాతం, అంటే 5 కిలోలకు అర కిలో కావాలి. పైగా పిప్పి ఒక్కటే అయితే ముద్దగా అణిగి లోపల గాలి ఆడదు. ఒక వంతు పిప్పికి రెండు వంతుల తడి వరిగడ్డి కలపండి. గడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, వంచేసి, 70–80 డిగ్రుల వేడినీళ్లలో గంటసేపు మూతపెట్టి ఉంచాలి. పూర్తిగా చల్లారాకే విత్తనం వేయాలి. వేడిమీద వేస్తే అదే చస్తుంది. గుప్పిట బిగించి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కట్టిందంటే ఇంకా ఆరబెట్టాలి.

తెల్లబూజు:
అన్నం వద్దే వద్దు. పిండిపదార్థం మీద పుట్టగొడుగు కంటే ముందు ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజులు లేస్తాయి, వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. తొక్కల్లో నీరెక్కువ, కుళ్లి కంపు కొడతాయి. వాటిని వానపాములకు వేయండి. పాలు, చక్కెరతో మరిగిన టీ పిప్పి కూడా పనికిరాదు. ఎండిన అరటాకులు, చెరకు పిప్పి, పొడిచేసిన మొక్కజొన్న బెండ్లు బాగుంటాయి, కాకపోతే వాటినీ గడ్డిలాగే వేడినీళ్లలో పెట్టాలి.

సంచి తెల్లగా అల్లుకునేదాకా చీకట్లో, 25 డిగ్రుల దగ్గర ఉంచండి. మొగ్గలొచ్చాక కాడలు సన్నగా సాగి గొడుగులు చిన్నవిగా ఉంటే గాలి చాలడం లేదని అర్థం. నీళ్లు ఎక్కువ కొట్టి సరిచేయబోకండి.

మిద్దెతోట:
ఇంకో సంచిలో ఒక మూలే పచ్చగా ఉంది. అంతవరకు కోసేస్తే?

గడ్డిమోపు:
కోయకండి, విప్పకండి. కదిపితే ఆ పచ్చ బూజు పొడి పక్క సంచులన్నిటికీ అంటుకుంటుంది. మూటకట్టి బయటికి తీసుకెళ్లి, దూరంగా గొయ్యి తీసి పూడ్చేయండి.