ట్రాక్ డేకి ఫొటోగ్రాఫర్‌ను డబ్బిచ్చి పెట్టాలా, మనలో మనమే తీసుకోవాలా?

బరంపురం నుంచి:
మన కార్ల క్లబ్బు ఈసారి ట్రాక్ డేకి, అంటే ఎవరి కారు వాళ్లు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి వెళ్తోంది కదా. ట్రాక్ పని తెలిసిన ఇద్దరిని పెట్టి, ఆ ఖర్చు ఎంట్రీ ఫీజులోనే కలిపేద్దామంటున్నాను. కొందరు వద్దంటున్నారు. ఎందుకో చెప్పండి.

రాయగడ నుంచి:
వద్దన్నవాళ్లలో నేనొకణ్ణి అన్నా. ఇరుంగట్టుకోట్టై మనకి వెయ్యి కిలోమీటర్ల దూరం. డీజిలు, టోలు, రూము, బ్రేక్ ప్యాడ్లు... వీటి మీద మళ్లీ ఫొటోలకా? అందరి దగ్గరా మంచి ఫోన్లున్నాయి. మా వీధిలో పెళ్లిళ్లు తీసే కుర్రాడు దారిఖర్చులిస్తే వచ్చేస్తానన్నాడు. కారు లోపల కెమెరా ఎవరిది వాళ్లే బిగించుకుంటారు.

బరంపురం నుంచి:
తమ్ముడూ, పోయినసారి చేసింది అదే. ఫోన్లు పట్టుకున్నవాళ్లంతా తమ వంతు రాగానే హెల్మెట్లు పెట్టుకుని వెళ్లిపోయారు. మా అబ్బాయి మొదటిసారి ట్రాక్ ఎక్కాడు. వాడు నడిపిన ఇరవై నిమిషాలకీ ఒక్క ఫొటో లేదు. వాళ్లమ్మకి చూపించడానికి పార్కింగులో నిలబెట్టిన కారు ఫొటో మిగిలింది. ఆ బాధ నాకింకా పోలేదు.

మీ కుర్రాడి పనితనం నేను తక్కువ చెయ్యను. కానీ పెళ్లిలో ఎంత దగ్గరికెళ్తే అంత మంచి ఫొటో వస్తుంది. ట్రాక్ దగ్గర ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. మలుపు దాటి కారు బయటి అంచుకొచ్చే చోటు చూడ్డానికి చాలా బాగుంటుంది. పట్టు తప్పిన కారు దూసుకొచ్చేదీ అక్కడికే. ట్రాక్ మీద భద్రత చూసే మార్షళ్లు చూపించిన చోట, అడ్డుగోడ వెనకే నిలబడాలి. ఎర్ర చొక్కా, పసుపు చొక్కా వేసుకోకూడదు, నడిపేవాడికి జెండాలా కనబడుతుంది. ఫ్లాష్ అసలే వద్దు.

ఇక షటర్ స్పీడ్ సంగతి, అంటే ఫొటోకి కెమెరా కన్ను ఎంతసేపు తెరుచుకోవాలన్నది. సెకనులో 1/1000 వంతు పెడితే చక్రాలు తిరగనట్టే ఉంటాయి, గంటకి నూటపాతిక కిలోమీటర్లలో వెళ్తున్న కారు రోడ్డు పక్కన ఆపినట్టు కనిపిస్తుంది. 1/125కి దించి, కారుతో పాటే నడుం తిప్పుతూ తీస్తేనే వెనకంతా గీతలై కారు నిలుస్తుంది. గోపాల్‌పూర్ రోడ్డులో పోయే బళ్ల మీద నేను నెలరోజులు సాధన చేశాను. ఇరవై తీస్తే రెండు కుదిరాయి. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులున్న ట్రాక్‌లో కొత్త కుర్రాడిని ఒక్కణ్ణే వదలడం వాడికీ అన్యాయమే.

పర్లాకిమిడి నుంచి:
నాదీ బరంపురం అన్నయ్య మాటే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. ఊరికే తీసిపెట్టినవైతే తీసినవాడివే. అందుకని రేటు మాట్లాడేటప్పుడే హక్కులెవరివో కాగితం మీద రాయించుకోవాలి.

కారు లోపలి కెమెరాలంటే మాత్రం నాకు భయం. అద్దానికి అంటించే రబ్బరు కప్పు ఎండకి వదిలేస్తుంది. పెడల్ కింద పడిందా, బ్రేకు నొక్కలేం. మామూలు కారు పాలసీ రేసింగుకి, స్పీడ్ టెస్టింగుకి వర్తించదని అందులోనే రాసుంటుంది. దెబ్బ తగిలితే మన జేబే. తాడు కట్టి, తనిఖీలో చూపించిన కెమెరానే లోపలికి రానివ్వాలి.

రాయగడ నుంచి:
తాడు, తనిఖీ ఒప్పుకుంటాను. గోడ సంగతి నాకు తట్టలేదు, ఆ కుర్రాడిని అక్కడ నిలబెట్టను. కానీ అందరి ఫీజులో కలపడం మాత్రం తప్పన్నా. పాత హ్యాచ్‌బ్యాక్ వేసుకుని, అప్పుచేసి వచ్చేవాళ్లు మనలో ఉన్నారు. కావలసినవాళ్లే కట్టుకోనీ.

బరంపురం నుంచి:
కట్టినవాడి కారు ఏదో, కట్టనివాడిది ఏదో లెన్స్‌లోంచి చూసి ఎలా వదిలేస్తారు? సరే, అప్పుచేసి వచ్చేవాళ్ల వాటా నేనూ ఇంకో నలుగురమూ వేసుకుంటాం. మీ కుర్రాడిని పిట్‌లో, అంటే ట్రాక్ దిగిన కార్లు వచ్చి ఆగే చోట పెడదాం. హెల్మెట్ తీసినప్పటి మొహాలు వాడికంటే బాగా ఎవరూ తీయలేరు. వాడికీ డబ్బివ్వాలి, దారిఖర్చులొక్కటే కాదు.

రాయగడ నుంచి:
వాడికి డబ్బిస్తామంటే సంతోషం. ఫీజు మాట మాత్రం ఆ ఇద్దరి రేటు చూశాకే.